రూటర్ పక్కన మాత్రమే పనిచేసే వైఫై: డ్రైవర్ జోలికి పోకు, యాంటెన్నా మార్చి చూడు

బాబూ, డిగ్రీ రెండో సంవత్సరం అన్నావు. మా అబ్బాయి కంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నీ గోడు నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తేడా ఉంటే దిద్దు. మీది రాజాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోయాయని పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) ఎక్కించావు. వైఫై తప్ప అన్నీ బాగున్నాయి. రూటర్ ఉన్న ముందు గదిలో కూర్చుంటే నెట్ వస్తోంది. నువ్వు చదువుకునే వెనక గదిలోకి వెళ్తే ఒక్క గీతే కనిపిస్తోంది, అది కూడా పోతూ వస్తూ ఉంది. అదే గదిలో మీ అమ్మగారి ఫోన్‌లో మూడు గీతలు నిలకడగా ఉంటున్నాయి. ఏదో వీడియో చూసి కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు నుంచి డ్రైవర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రాం) దించి కంపైల్ చేయబోతే, అంటే ఆ కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చబోతే, తెర నిండా ఎర్రర్లు వచ్చాయి. అదే వీడియోలో చెప్పారని సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం లేనివి లోడ్ కాకుండా ఆపే రక్షణ) కూడా ఆపేశావు. చివరికి విసుగొచ్చి శ్రీకాకుళంలో మూడొందలు పెట్టి యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నావు. దాన్ని గుచ్చితే వైఫై రాలేదు, సీడీ లాంటిది ఒకటి తెరుచుకుంది, అందులో విండోస్ సెటప్ ఫైల్ ఉంది. "ఏటి చెయ్యమంటారు సార్, మళ్లీ విండోసే ఎక్కించీమంటారా?" అని అడిగావు.

ఎక్కించకు. నీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. ముందు గదిలో నెట్ వస్తోందన్నావు చూడు, అసలు సంగతి ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

వైఫై నడవాలంటే వరసగా కొన్ని జరగాలి. చిప్ ఒకటి ఉందని మెషీన్‌కు తెలియాలి. దానికి సరిపోయే డ్రైవర్ కెర్నెల్‌లోకి, అంటే లినక్స్ గుండెకాయలోకి, ఎక్కాలి. ఆ డ్రైవర్ ఫర్మ్‌వేర్ ఫైల్‌ను (చిప్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం) చిప్‌లోకి పంపాలి. రేడియోను ఎవరూ స్విచ్ నొక్కి ఆపి ఉండకూడదు. గాలిలో సిగ్నల్ అందాలి. ఆ తర్వాత పాస్‌వర్డు సరిపోవాలి, రూటర్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి. వీటిలో ఒక్కటి తప్పినా జనం "వైఫై రావట్లేదు" అనే అంటారు. నీకు ముందు గదిలో యూట్యూబ్ నడుస్తోందంటే చిప్, డ్రైవర్, ఫర్మ్‌వేర్, పాస్‌వర్డు అన్నీ బాగున్నట్టే. మిగిలింది గాలిలో సిగ్నల్ ఒక్కటే. ఫోన్‌కు అదే గదిలో సిగ్నల్ దొరుకుతోంది కాబట్టి రూటర్ తప్పు కాదు, గోడ తప్పూ కాదు. నీ లాప్‌టాప్ చెవి సరిగ్గా వినడం లేదు, అంతే. అలాంటప్పుడు కొత్త డ్రైవర్ కంపైల్ చేస్తే ఏం లాభం?

కమాండ్ల గురించి ఒక మాట. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి కమాండ్లు కూడా పలికినట్టే రాస్తాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాలతో కొట్టు. అలా నీ వేళ్లతో కొడితే ఏది ఏం చేస్తుందో గుర్తుంటుంది. వీడియోల కింద ఉన్న పది లైన్లు కాపీ చేసి అతికించేవాళ్లకు పదకొండో లైను దగ్గర ఏం చేయాలో తెలియదు.

నువ్వు పెట్టిన ఫొటోలో ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ ఎన్ఎన్‌కే అనే కమాండ్ ఫలితం ఉంది. అది పెట్టినందుకు నిన్ను మెచ్చుకోవాలి, వందలో తొంభై మంది పెట్టరు. అందులో బ్రాకెట్లో 10ఈసీ:బీ723 అని ఉంది. ముందున్న 10ఈసీ రియల్‌టెక్ కంపెనీ నంబర్, బీ723 ఆ చిప్ నంబర్. అంటే నీది ఆర్‌టీఎల్8723బీఈ. కింద లైనులో వాడుకలో ఉన్న కెర్నెల్ డ్రైవర్ ఆర్‌టీఎల్8723బీఈ అని కూడా ఉంది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, స్టిక్కర్ ఏం చెప్పినా నమ్మక్కర్లేదు. ఈ నంబర్ జంట మాత్రం అబద్ధం చెప్పదు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు కూడా లాప్‌టాప్ మోడల్ పేరు కొట్టకుండా ఈ నంబర్ కొట్టు. ఒకే మోడల్ పేరుతో అమ్మిన లాప్‌టాప్‌లలో ఒకదానిలో ఒక చిప్, ఇంకోదానిలో ఇంకో చిప్ ఉండటం మామూలే.

ఇప్పుడు ఈ చిప్ సంగతి చెప్తాను. నాకు ఇది పాత చుట్టం. విజయనగరంలో గంట స్తంభం దగ్గర ఇరవై ఏళ్లుగా సర్వీసింగ్ చేస్తున్నాను. లినక్స్ వేయించుకుని, "రూటర్ పక్కనే కూర్చోవాల్సి వస్తోందండీ" అంటూ వచ్చే లాప్‌టాప్‌ను చూడగానే నేను ముందు అనుమానించేది దీన్నే. లాప్‌టాప్ వెనక మూత విప్పితే వేలెడంత కార్డు ఒకటి కనిపిస్తుంది. దాని మీద యాంటెన్నా వైరు తగిలించే గుండ్రటి బుడిపెలు రెండు ఉంటాయి, ఒకటి మెయిన్, ఇంకోటి ఆక్స్. తెరకు రెండు వైపులా పాకి వచ్చే సన్నటి వైర్లు వీటికి తగలాలి. కొన్ని లాప్‌టాప్‌లలో ఖర్చు తగ్గించుకోడానికి ఒక్క వైరే వేస్తారు. ఈ చిప్ ఎలాగూ ఒకసారికి ఒక్క యాంటెన్నాతోనే పనిచేస్తుంది కాబట్టి అందులో తప్పేం లేదు. గొడవ ఎక్కడంటే, వైరు ఏ బుడిపెకు తగిలించారో కార్డు లోపల శాశ్వతంగా రాసి పెట్టాలి. ఆ చోటును ఈఫ్యూజ్ అంటారు. వైరు ఒక బుడిపెకు తగిలించి, ఈఫ్యూజ్‌లో ఇంకో బుడిపె పేరు రాస్తే లినక్స్ డ్రైవర్ పాపం దాన్నే నమ్మి, వైరు లేని బుడిపెతో వినడానికి ప్రయత్నిస్తుంది. రూటర్ రెండడుగుల దూరంలో ఉంటే ఆ ఉత్త బుడిపెకే కాస్త సిగ్నల్ అందుతుంది. గోడ అడ్డం వస్తే ఇక అందదు. విండోస్‌లో బాగా నడిచేది కదా అంటావు. లాప్‌టాప్ కంపెనీ ఇచ్చే విండోస్ డ్రైవర్‌లో ఆ మోడల్‌కు తగ్గ సవరణ ముందే కలిపి ఉంటుంది.

అందుకే ఈ డ్రైవర్‌లో ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్ఈఎల్ అనే పారామీటర్ (డ్రైవర్‌కు మనం చెప్పే సెట్టింగు) పెట్టారు. ఇకపై యాంట్_సెల్ అంటాను. సున్నా అయితే ఈఫ్యూజ్ మాట వింటుంది. 1 గానీ 2 గానీ ఇస్తే ఈఫ్యూజ్‌ను పక్కన పెట్టి మనం చెప్పిన యాంటెన్నా వాడుతుంది.

ముందు ఇప్పుడు ఎంత సిగ్నల్ ఉందో కొలువు. గీతలు చూసి చెప్పకు, గీతలు మనల్ని మోసం చేస్తాయి. వెనక గదిలో నువ్వు చదువుకునే బల్ల మీదే లాప్‌టాప్ పెట్టి ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 లింక్ అని కొట్టు (నీ ఫొటోలో ఇంటర్‌ఫేస్ పేరు అదే ఉంది). సిగ్నల్ అని ఒక లైను వస్తుంది, దాని ఎదురుగా మైనస్ అంకె, డీబీఎం అని ఉంటుంది. మైనస్ 50 అంటే హాయిగా ఉన్నట్టు. మైనస్ 70 దాకా పనికొస్తుంది. మైనస్ 80 దాటితే నువ్వు పడుతున్న బాధే. ఈ లెక్కలో 10 తేడా అంటే శక్తిలో పది రెట్లు, 30 తేడా అంటే వెయ్యి రెట్లు. ఆ అంకెను కాగితం మీద రాసుకో.

తర్వాత డ్రైవర్‌ను దించి, కొత్త మాట చెప్పి ఎక్కించాలి. సుడో మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్ ఆర్‌టీఎల్8723బీఈ అంటే దిగుతుంది (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని). వైఫై గుర్తు మాయమవుతుంది, కంగారు పడకు. తర్వాత సుడో మోడ్‌ప్రోబ్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. పది సెకన్లలో వైఫై మళ్లీ తగులుకుంటుంది. మళ్లీ అదే లింక్ కమాండ్ కొట్టి అంకె చూడు. మారకపోతే మళ్లీ దించి 1తో ఎక్కించు. నా అనుభవంలో ఎక్కువ లాప్‌టాప్‌లకు 2 సరిపోయింది, కొన్నిటికి 1. మొన్న బొబ్బిలి నుంచి వచ్చిన ఒకదాంట్లో మైనస్ 83 ఉన్నది మైనస్ 52కి వచ్చింది. లాప్‌టాప్ తెచ్చిన పెద్దాయన నేను లోపల కొత్త పార్టు వేశాననుకుని ఎంత అన్నారు. ఒక్క పదం కొట్టినందుకు ఏం తీసుకుంటాం, టీ తాగించారు. రెండు విలువలతోనూ ఏమీ మారలేదంటే ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, నిమిషం ఆగి, మళ్లీ ప్రయత్నించు. ఒక్కోసారి చిప్ పాత సెట్టింగునే పట్టుకుని కూర్చుంటుంది, రీస్టార్ట్‌తో కూడా వదలదు.

ఏ అంకెతో బాగుందో తేలాక దాన్ని శాశ్వతం చేయాలి, లేకపోతే రేపు ఆన్ చేసేసరికి మళ్లీ మొదటికొస్తుంది. ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్.డీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో ఆర్‌టీఎల్8723బీఈ.కాన్ఫ్ అనే కొత్త ఫైల్ తయారు చెయ్యి, సుడోతో నానో (టెర్మినల్‌లో ఫైల్ రాసే ఎడిటర్) వాడు. ఫైల్‌లో ఒకే ఒక్క లైను: ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2. ఫైల్ పేరు చివర చుక్క, సీఓఎన్ఎఫ్ తప్పనిసరి, అది లేకపోతే మోడ్‌ప్రోబ్ ఆ ఫైల్ ముఖం చూడదు. రీస్టార్ట్ అయ్యాక సిస్ ఫోల్డర్ లోపల మాడ్యూల్, అందులో ఆర్‌టీఎల్8723బీఈ, అందులో పారామీటర్స్, అక్కడ యాంట్_సెల్ అనే ఫైల్‌ను క్యాట్‌తో చూడు. 2 అని కనిపిస్తే నీ మాట చెల్లినట్టు.

ఈ పారామీటర్ పేరు నాకు గుర్తుంది కాబట్టి చెప్పేశాను. నీ స్నేహితుడి లాప్‌టాప్‌కు వేరే చిప్ ఉంటే ఇదే లైను అతనికి ఇచ్చేయకు. మోడ్‌ఇన్ఫో హైఫన్ పీ అని కొట్టి పక్కన డ్రైవర్ పేరు ఇస్తే ఆ డ్రైవర్ ఏయే మాటలు వింటుందో జాబితా వస్తుంది. అందులో లేని మాట రాస్తే కెర్నెల్ దాన్ని పట్టించుకోదు. పనిచేసిందని మనం అనుకుంటాం, అది మాత్రం ఏమీ చేసి ఉండదు.

ఇక ఆ వీడియో చూసి చేసినవి సర్దుదాం. కంపైల్ మధ్యలో ఆగిపోయిందన్నావు కాబట్టి బహుశా ఏమీ ఎక్కి ఉండదు, అయినా చూసుకోవాలి. మోడ్‌ఇన్ఫో హైఫన్ ఎన్ ఆర్‌టీఎల్8723బీఈ అని కొట్టు. ఆ డ్రైవర్ ఫైల్ ఎక్కడ ఉందో దారి చూపిస్తుంది. దారిలో కెర్నెల్, డ్రైవర్స్, నెట్, వైర్‌లెస్, రియల్‌టెక్ అని వస్తే మింట్‌తో వచ్చిన అసలు డ్రైవరే. అప్‌డేట్స్ అనీ డీకేఎంఎస్ (బయటి డ్రైవర్లను చూసుకునే పనిముట్టు) అనీ కనిపిస్తే నువ్వు తెచ్చింది మీద కూర్చుంది. అప్పుడు డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి పేరు చూసుకుని డీకేఎంఎస్ రిమూవ్‌తో తీసెయ్యి.

గిట్‌హబ్ డ్రైవర్లు చెడ్డవని కాదు. వాటికీ ఒక కాలం ఉండేది. రియల్‌టెక్ చిప్‌ల లినక్స్ డ్రైవర్లకు ఏళ్ల తరబడి పెద్ద దిక్కుగా ఉన్న లారీ ఫింగర్ అనే ఆయన, పాత కెర్నెల్‌లు వాడేవాళ్ల కోసం ఆ డ్రైవర్లను గిట్‌హబ్‌లో విడిగా ఉంచేవారు. నువ్వు చూసిన వీడియో అలాంటి దాని మీద తీసిందే అయ్యుంటుంది. ఆయన 2024 జూన్‌లో, 84వ ఏట కన్నుమూశారు. ఎనభై దాటాక కూడా ఎక్కడో ముక్కూ మొహం తెలియని వాళ్లు అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాసిన మనిషి. ఆయన చేసిన పని చాలావరకు ఇప్పుడు కెర్నెల్‌లోనే ఉంది. నీ 6.8 కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్ ఉండగా బయట నుంచి పాతది తెచ్చుకోవడం, ఇంట్లో సన్నబియ్యం పెట్టుకుని పక్కింటికి నూకలకు వెళ్లినట్టు.

బయటి డ్రైవర్‌తో ఇంకో చిక్కు ఉంది. అది ఏ కెర్నెల్ మీద కంపైల్ అయిందో దానికే పనికొస్తుంది. వచ్చే వారం మింట్ కొత్త కెర్నెల్ దించుతుంది, రీస్టార్ట్ చేస్తావు, వైఫై ఉండదు. డీకేఎంఎస్ ఉన్నది ఇందుకే, కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను తనే మళ్లీ కంపైల్ చేస్తుంది. అయితే కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ లేకపోతే అదీ చేయలేదు. నీకు తెర నిండా వచ్చిన ఎర్రర్లకు అదే కారణం కావచ్చు, లేదా ఆ కోడ్ 6.8కి సరిపోని పాతది కావచ్చు. ఇప్పుడు ఏదైనా అనవసరం.

సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసుకో. మింట్ కెర్నెల్, దాంతో వచ్చే డ్రైవర్లు సంతకంతోనే వస్తాయి, వాటికి సెక్యూర్ బూట్ అడ్డం రాదు. బయట నుంచి తెచ్చి కంపైల్ చేసిన వాటికే సంతకం ఉండదు. అప్పుడు కూడా సెక్యూర్ బూట్ తీసేయాల్సిన పని లేదు. మోక్‌యుటిల్‌తో మన తాళంచెవిని నమోదు చేసి, రీస్టార్ట్ అయినప్పుడు వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుంటే సరిపోతుంది. ఆ నీలం తెర చూడగానే చాలామంది వైరస్ అనుకుని కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, తర్వాత డ్రైవర్ ఎక్కలేదని నా దగ్గరికొస్తారు.

యాంటెన్నా సరిచేశాక కూడా, కాసేపు ఏమీ చేయకుండా వదిలేసి మళ్లీ బ్రౌజర్ తెరిస్తే మొదటి పేజీ రావడానికి ఆలస్యమవుతోందా? అది పవర్ సేవింగ్. చిప్ మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. ఇందాకటి లైను చివరే ఒక ఖాళీ ఇచ్చి ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0, ఇంకో ఖాళీ ఇచ్చి ఐపీఎస్=0 చేర్చు. ఇంకా తగ్గకపోతే నెట్‌వర్క్ మేనేజర్ వైపు చూడాలి. ఈటీసీలో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్, అందులో కాన్ఫ్.డీ, అక్కడ డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఫైల్ ఉంటుంది. అందులో 3 ఉన్న చోట 2 పెట్టు. 3 అంటే నిద్రపోవచ్చు, 2 అంటే నిద్రపోకూడదు. బ్యాటరీ కాస్త త్వరగా దిగుతుంది. పాత లాప్‌టాప్ అన్నావు, బ్యాటరీ ఎలాగూ ఉండీ లేనట్టే అయ్యుంటుంది.

ఇంకొకటి కూడా నువ్వే రేపు అడుగుతావు కాబట్టి ఇప్పుడే చెప్తాను. ఫోన్‌లో మీ రూటర్ రెండు పేర్లతో కనిపిస్తుంది, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. లాప్‌టాప్‌లో అది ఎప్పటికీ కనిపించదు. ఆ 5జీకి సెల్ టవర్ 5జీతో సంబంధం లేదు, 5 గిగాహెర్ట్జ్ అని చెప్పడానికి రూటర్‌లో అలా పేరు పెట్టారు. ఆర్‌టీఎల్8723బీఈకి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకోటి తెలియదు, ఏ డ్రైవర్ వేసినా అంతే. రూటర్ సెట్టింగుల్లో 2.4 ఆపేసి ఉంటే ఆన్ చేసుకో. ఛానల్ ఆటోలో ఉంటే 1, 6, 11లలో ఒకటి పెట్టు. ఛానల్ ఒక్కొక్కటి 5 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉంటుంది, కానీ వైఫై ఒకటి 20 మెగాహెర్ట్జ్ వెడల్పు తీసుకుంటుంది. అందుకని ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి. మన దేశంలో 13 దాకా వాడుకోవచ్చు, అమెరికాలో సాధారణంగా 11తో ఆపుతారు. లాప్‌టాప్ తాను అమెరికాలో ఉన్నాననుకుంటే 13లో ఉన్న రూటర్‌ను చూడదు. ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొడితే తను ఏ దేశంలో ఉన్నాననుకుంటోందో చెప్తుంది. యూఎస్ అని వస్తే ఐడబ్ల్యూ రెగ్ సెట్ తర్వాత ఐఎన్ అని పెద్దక్షరాల్లో కొట్టు, ముందు సుడో మర్చిపోకు.

ఇప్పుడు మూడొందల డాంగిల్. పారేయకు, అది పాడైపోలేదు. ఆ రకం డాంగిళ్లలో డ్రైవర్ సీడీ విడిగా ఇవ్వకుండా చిన్న మెమరీలో పెట్టేస్తారు. గుచ్చగానే "నేనొక సీడీ డ్రైవ్‌ని" అని చెప్పుకుంటుంది. విండోస్‌లో ఆ సెటప్ నడిపాక సీడీ వేషం తీసేసి వైఫైగా మారుతుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టు. 0బీడీఏ:1ఏ2బీ అని కనిపిస్తే అది సీడీ వేషంలో ఉన్న రియల్‌టెక్ డాంగిలే. వేషం విప్పడానికి సులువైన పద్ధతి, ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ పక్కన ఉన్న ఎజెక్ట్ గుర్తు నొక్కడం. కమాండ్‌తో చేయాలనుకుంటే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ ఎక్కించి, సుడో యూఎస్‌బీ_మోడ్‌స్విచ్, హైఫన్ పెద్ద కే, హైఫన్ వీ 0బీడీఏ, హైఫన్ పీ 1ఏ2బీ. ఎజెక్ట్ కమాండ్‌తో ఎస్ఆర్0 అని కొట్టమని కొన్ని చోట్ల రాస్తారు. నీ పాత లాప్‌టాప్‌కు నిజమైన డీవీడీ డ్రైవ్ ఉంటే ఎస్ఆర్0 అదే అవుతుంది, డాంగిల్ మారదు సరికదా ట్రే బయటికొచ్చి నీ టీ గ్లాసును తోస్తుంది. నాకు జరిగింది.

వేషం విప్పాక మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ చూడు, నంబర్ మారి ఉంటుంది. 0బీడీఏ:సీ811 అయితే లోపల ఆర్‌టీఎల్8821సీయూ కుటుంబంలోని ఆర్‌టీఎల్8811సీయూ ఉన్నట్టు. ఈ కుటుంబం యూఎస్‌బీ చిప్‌ల డ్రైవర్ 6.2 కెర్నెల్ నుంచి లోపలే ఉంది, కాబట్టి నీ 6.8లో తనంతట తానే తగులుకోవాలి. అది 5 గిగాహెర్ట్జ్ కూడా చూడగలదు. ఇంకో నంబర్ వస్తే ఇక్కడే రాయి. సోంపేట, బారువ వైపు సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చే మెషీన్లలో యూఎస్‌బీ పోర్టుల్లో ఉప్పుగాలికి పట్టిన తుప్పు చూశాను నేను. అక్కడ డాంగిల్ తగిలీ తగలనట్టు ఉంటే డ్రైవర్‌ను తిట్టే ముందు ఇంకో పోర్టులో పెట్టి చూడాలి. రాజాంలో నీకు ఆ బాధ ఉండకపోవచ్చు.

నీ ప్రశ్న కిందే ఇంకొకరు తమ లాప్‌టాప్‌లో వైఫై అసలే కనిపించడం లేదన్నారు. అది నీ కేసు కాదు, అయినా రెండు మాటలు. లాప్‌టాప్‌లో నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలని దిగులు పడక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో కలిపి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్‌కు అది వైర్ నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, ఏ డ్రైవరూ వేయక్కర్లేదు. తర్వాత డీమెసేజ్ (టెర్మినల్‌లో డీఎంఈఎస్‌జీ) చూడండి. ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే ఆ ఫైల్ డిస్క్‌లో లేదని అర్థం, లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఎక్కించాలి. పాత డెబియన్‌లో ఇది రోజూ ఉండే బాధ. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ పెడుతున్నారు. నంబర్ 14ఈ4తో మొదలైతే బ్రాడ్‌కామ్. అందులో 4365 అయితే ఆ కంపెనీ వాళ్ల డబ్ల్యూఎల్ డ్రైవర్ తప్ప దారి లేదు, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే చూపిస్తుంది. ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం) వాడేవాళ్లకు కథ వేరు. అక్కడ మోడ్‌ప్రోబ్ ఉండదు, ఆర్‌సీ.కాన్ఫ్‌లో చిప్ డివైస్ మీద డబ్ల్యూలాన్0 అని ఇంకో ఇంటర్‌ఫేస్ పుట్టించాలి. నీ చిప్‌ను అక్కడి రియల్‌టెక్ డ్రైవర్ గుర్తించే జాబితాలో నేను చూడలేదు, కాబట్టి ఎవరైనా నిన్ను అటు లాగితే ఈ లాప్‌టాప్‌తో వెళ్లకు.

వైఫై అసలే కనిపించని వాళ్లు అన్నిటికంటే ముందు ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి, రేడియో ఆపి ఉందేమో చెప్తుంది. సాఫ్ట్ బ్లాక్డ్ అయితే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫైతో పోతుంది. హార్డ్ బ్లాక్డ్ అయితే ఏ కమాండూ పనిచేయదు, లాప్‌టాప్ ఒంటి మీదే ఎక్కడో స్విచ్చో, ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే కీనో ఉంటుంది. ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్‌లో ఈ సంగతి చూసుకోకుండా రెండు గంటలు కూర్చుని రెండుసార్లు లినక్స్ మళ్లీ ఎక్కించాను. ల్యాబ్ ఊడ్చే ఆవిడ వచ్చి, లాప్‌టాప్ ముందు అంచున ఉన్న చిన్న స్లైడర్ చూపించి "ఇది పక్కకి జరిగుంది, ఎర్రగా కనబడతంది బాబూ, ఏటది?" అంది. జరిపాను, వచ్చేసింది. ఆ రోజు డబ్బులు తీసుకోడానికి మొహం చెల్లలేదు.

నువ్వు మాత్రం బాబూ, ఇవన్నీ వదిలేసి యాంట్_సెల్ ఒక్కటే ఈ రాత్రికి చెయ్యి. వెనక గదిలో మూడు అంకెలు నాకు కావాలి: ఇప్పుడు ఉన్నట్టు ఎంత, 1తో ఎంత, 2తో ఎంత. మూడూ ఒకేలా మైనస్ 80 కంటే అధ్వానంగా (మైనస్ 85 లాంటివి) ఉంటే వైరు ఊడిపోయి ఉండొచ్చు. అప్పుడు విజయనగరం తెచ్చెయ్యి, మూత విప్పి చూద్దాం. నువ్వే విప్పకు. ఆ బుడిపెలు చాలా సున్నితం, ఒకసారి వంగితే ఆ వైపు యాంటెన్నా ఇక పట్టదు.